మోటారు కన్నా ముందు బ్రేకులు కొనండి

ప్రశ్న: మా ఇంటి నుంచి ఆఫీసుకి 16 కిలోమీటర్లు. రోజూ సైకిల్ మీదే వెళ్లాలని ఉంది, కానీ చెమటలు కక్కుతూ ఆఫీసులో అడుగుపెట్టలేను. నా దగ్గర పాత అల్యూమినియం మౌంటెన్ బైక్ ఉంది. 26 అంగుళాల చక్రాలు, ముందు సస్పెన్షన్ ఫోర్కు, రిమ్ము మీద పట్టే వి-బ్రేకులు. దాన్ని ఎలక్ట్రిక్ సైకిల్‌గా మార్చుకుందామని చక్రం నడిమధ్యలో కూర్చునే 1500 వాట్ల హబ్ మోటారు, 48 వోల్టుల 10 యాంపియర్ అవర్ బ్యాటరీ ఎంచుకున్నాను. 45 కి.మీ. వేగం వస్తే చాలు. బ్యాటరీలో 20 యాంపియర్ల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూటు) ఉందట, సరిపోతుందా? మోటారు ముందు చక్రానికి పెట్టాలా, వెనక చక్రానికా? దారిలో ఒక ఫ్లైఓవర్ తప్ప ఎత్తులేమీ లేవు.

జవాబు: ముందా వెనకా అన్నదానికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: వెనకే. ఎందుకో తర్వాత చెబుతాను. నన్ను ఆపింది మీరు రాసిన సామాన్ల జాబితా. అందులో బండిని పరిగెత్తించే వస్తువులన్నీ లెక్కలతో సహా ఉన్నాయి. దాన్ని ఆపే వస్తువు మాత్రం మాటవరసకి వచ్చి పోయింది. నేను చేసుకున్న మొదటి సైకిల్ జాబితా కూడా అచ్చం ఇలాగే ఉండేది కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టే మొహం నాకు లేదు.

మొదట ఆ 45 సంగతి తేల్చుకుందాం. నిటారుగా కూర్చుని సైకిల్ నడిపే మనిషికి గాలే పెద్ద అడ్డు. వేగం రెట్టింపైతే గాలిని తోసుకుపోవడానికి కావలసిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. మీరూ బండీ కలిపి 110 కిలోలు అనుకుని, టైర్ల రాపిడి కూడా కలుపుకుంటే చదును రోడ్డు మీద 25 కి.మీ. వేగానికి సుమారు 180 వాట్లు కావాలి. 30కి 280, 38కి 515. 45కి వచ్చేసరికి 800 దాటుతుంది. ఇదంతా చక్రం దగ్గర కావలసిన లెక్క. మోటారు, దానికి కరెంటు కొలిచి ఇచ్చే కంట్రోలర్ కలిసి దాదాపు అయిదో వంతు వేడి రూపంలో పోగొడతాయి కాబట్టి బ్యాటరీ ఇంకా ఎక్కువే ఇవ్వాలి.

ఇంత ఖర్చు పెట్టి మీకు మిగిలేదెంత? 16 కి.మీ. ఎక్కడా ఆగకుండా 45లో వెళితే 21 నిమిషాలు, 38లో వెళితే 25. నాలుగు నిమిషాల తేడా, అదీ దారిలో ఒక్క సిగ్నలూ పడకపోతే. ఆ నాలుగు నిమిషాల కోసం బ్యాటరీ పెద్దది కావాలి, వైర్లు లావువి కావాలి, మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే 38 దగ్గర ఆగమంటాను. కింద చెప్పేవన్నీ ఆ వేగానికి సరిపడే లెక్కలే. మనసొప్పక 45కే వెళతానంటే ప్రతిచోటా ఒక మెట్టు పైకి వెళ్లాలి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఐరోపా యూనియన్‌లో 250 వాట్లు, 25 కి.మీ. దాటితే అది సైకిల్ లెక్కలోకి రాదు. 45 వరకు వెళ్లేవి ఎల్1ఈ-బి అనే మోపెడ్ల వర్గంలో పడతాయి. భారత్‌లోనూ మోటారు వాహనం అనిపించుకోకుండా ఉండే హద్దు అదే, 250 వాట్లు, 25 కి.మీ. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే మూడు తరగతుల పద్ధతిలో మూడో తరగతికి గంటకు 28 మైళ్ల వరకు అనుమతి ఉంది, అదీ పెడల్ తొక్కుతున్నంతసేపే. అంటే 38 కూడా చాలా చోట్ల హద్దు దాటిన వేగమే. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని బండితో ప్రమాదం జరిగితే ఎవరిది తప్పైనా ముందు మీ మెడకే చుట్టుకుంటుంది. మీరున్న చోట నియమం ఏమిటో కనుక్కున్నాకే సామాన్లు తెప్పించండి. చాలా కంట్రోలర్లలో వేగాన్ని కట్టడి చేసే సెట్టింగు ఉంటుంది, అలాంటిదే తీసుకోండి.

ఇక బ్రేకులు. 25 కి.మీ. వేగంలో ఎవరైనా అడ్డమొస్తే, మీరు తేరుకుని బ్రేకు నొక్కేలోపు ఒక సెకను పోతుంది. ఆ సెకనులో బండి 7 మీటర్లు వెళుతుంది. మంచి బ్రేకులుంటే మరో 5 మీటర్లలో ఆగుతుంది. 38లో ఇదంతా కలిపి 22 మీటర్లు, 45లో 28. పైగా బండిలో ఉండే ఊపు వేగం వర్గంతో పెరుగుతుంది. 25కీ 45కీ మధ్య అది మూడు రెట్ల పైనే. ఈ ఊపునంతా రెండు రబ్బరు ముక్కలు రిమ్ముని పట్టుకుని వేడిగా మార్చాలి. పొడి రోడ్డు మీద ఎలాగో నెట్టుకొస్తాయి. వానలో మాత్రం తడిసిన రిమ్ము మీద నీళ్లు తుడుచుకునేసరికే కొన్ని మీటర్లు పోతాయి.

కాబట్టి హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు తప్పనిసరి, ముందు చక్రానికి కనీసం 180 మి.మీ. డిస్కు. మీ ఫ్రేముకీ ఫోర్కుకీ డిస్కుని పట్టి ఆపే కాలిపర్ బిగించే చోటు ఉందో లేదో ఈ రోజే వంగి చూడండి. లేకపోతే ఈ సైకిల్ మీద ఒక్క వస్తువు కూడా కొనొద్దు, వేరే ఫ్రేము వెతుక్కోండి. వీలైతే స్టీలుది. వెనక హబ్ మోటారు పెట్టేటప్పుడు ఇంకో చిక్కుంది. కొన్ని మోటార్ల మూత ఉబ్బెత్తుగా ఉండి బ్రేకు కాలిపర్‌కి రాసుకుంటుంది. డిస్కు వెనక పలుచని స్పేసర్ పెడితే తీరిపోయే సమస్యే గానీ, ముందుగా తెలియకపోతే ఒక ఆదివారం మొత్తం తినేస్తుంది. బ్రేకు లీవర్లకి మోటారు కట్ చేసే స్విచ్చి కూడా ఉండాలి. బ్రేకు పట్టినప్పుడు మోటారు ఇంకా తోస్తూ ఉంటే ఆ బ్రేకు సగం పని మోటారుతో కుస్తీకే పోతుంది.

ఇప్పుడు మీరు అసలు అడిగిన దానికి వస్తాను. 20 యాంపియర్ల బీఎంఎస్ సరిపోదు. 1500 వాట్లని 48 వోల్టులతో భాగించండి, 31 యాంపియర్లు. ఫ్లైఓవర్ మీద నిండా థ్రాటిల్ ఇచ్చినప్పుడు కంట్రోలర్ 31 అడుగుతుంది. బీఎంఎస్ తన హద్దు దాటిందని సరఫరా తెంచేస్తుంది. వెనక లారీ హారన్ కొడుతుండగా మీ బండి ఉన్నట్టుండి చచ్చిపోతుంది. బీఎంఎస్‌ని తిట్టుకోవద్దు, సెల్సుని కాపాడడమే దాని పని.

బీఎంఎస్ ఒక్కటే మార్చి పెద్దది పెడితే? అప్పుడు దెబ్బ సెల్సు మీద పడుతుంది. 48 వోల్టుల బ్యాటరీ అంటే మామూలుగా 13 సెల్సు వరసగా కలిపినది. 3500 మిల్లీయాంప్ అవర్ సెల్సు వాడితే 10 యాంపియర్ అవర్‌కి అలాంటి వరసలు మూడే ఉంటాయి. 31 యాంపియర్లని మూడింటికీ పంచితే ఒక్కో సెల్ మీద 10 పైన పడుతుంది. శాంసంగ్ 35ఈ లాంటి ఎక్కువ నిల్వ ఉండే సెల్‌కి తయారీదారు ఇచ్చిన నిరంతర హద్దు 8 యాంపియర్లు. ఒకటి రెండు నెలలు నడుస్తుంది, ఆ తర్వాత కొద్దిపాటి ఎత్తుకే వోల్టేజీ కూలబడడం మొదలవుతుంది. బ్యాటరీ మోసం చేసిందంటారు గానీ, దాని చేత చేయించకూడని పని చేయించింది మనమే.

నిల్వ లెక్క కూడా కలవదు. 48ని 10తో గుణిస్తే 480 వాట్ అవర్. మీ కాళ్ల నుంచి ఓ 100 వాట్లు వస్తాయనుకున్నా, 45లో కిలోమీటరుకి దాదాపు 20 వాట్ అవర్ ఖర్చవుతుంది. రానూపోనూ 32 కి.మీ.కి 640. ఉన్నది చివరి బొట్టు దాకా పిండినా 24 కి.మీ. దగ్గరే ఆగిపోతారు. 38లో వెళితే కిలోమీటరుకి 14, మొత్తం 450. సిగ్నళ్ల దగ్గర ఆగి మళ్లీ కదలడానికి ఇంకాస్త వేసుకుంటే 520 అవుతుంది. 48 వోల్టుల 15 యాంపియర్ అవర్ అంటే 720 వాట్ అవర్. అందులో 80 శాతం వాడుకున్నా మీ రోజు గడిచిపోతుంది, ఏళ్లు గడిచి బ్యాటరీ కాస్త నీరసించినా నెట్టుకురావచ్చు. ఆఫీసులో చార్జింగ్ పెట్టుకునే వీలుంటే ఇంకా నిశ్చింత.

కాబట్టి నేనైతే ఇలా ఎంచుకుంటాను: 13 సెల్సు వరసలో, అలాంటి వరసలు 5 పక్కపక్కన, ఒక్కోటి 3000 మిల్లీయాంప్ అవర్ నిల్వతో 15 యాంపియర్లు ఇవ్వగల సెల్సు; 40 యాంపియర్ల బీఎంఎస్; 25 యాంపియర్ల దగ్గర కట్టడి చేసిన కంట్రోలర్. అప్పుడు ఒక్కో సెల్ మీద 5 యాంపియర్లే పడతాయి, బ్యాటరీ చల్లగా ఉంటుంది. 25ని 48తో గుణిస్తే 1200 వాట్లు, 38 వేగానికి కావలసినదానికి దాదాపు రెట్టింపు. పెట్టె మీద ఎన్ని యాంపియర్ అవర్లు అన్నది అమ్మేవాళ్లు పెద్ద అక్షరాలతో రాస్తారు. లోపల ఏ సెల్ ఉంది, బీఎంఎస్ నిరంతరంగా ఎంత ఇస్తుంది అని మీరు అడిగి రాబట్టాలి. చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి. భద్రతా ప్రమాణానికి సరితూగిందని చెప్పే యూఎల్ 2271 గుర్తు ఉన్న బ్యాటరీ దొరికితే దానికే ఓటు.

సెల్సు కొనుక్కొచ్చి బ్యాటరీ ఇంట్లోనే కట్టేద్దామా అన్న ఆలోచన వచ్చి ఉంటే, మొదటి బండికి వద్దు. స్పాట్ వెల్డింగ్ లేకుండా సోల్డరింగ్ ఇనుముతో సెల్ మీద నేరుగా అతికించేవాళ్లని చూశాను. ఆ వేడికి లోపలి పొర దెబ్బతింటే పైకి ఏమీ కనపడదు, బీఎంఎస్‌కీ తెలియదు.

చార్జర్ విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. 13 సెల్సు బ్యాటరీ 54.6 వోల్టుల దగ్గర నిండుతుంది, 14 సెల్సుది 58.8 దగ్గర. రెండింటి ప్లగ్గూ ఒకటే కావచ్చు. పొరపాటున 58.8 చార్జర్ని 13 సెల్సు దానికి పెడితే, బీఎంఎస్ అడ్డుకోకపోతే ఒక్కో సెల్ 4.5 వోల్టులకి చేరుతుంది. హద్దు 4.2. ఆ పైన అది బ్యాటరీ అనిపించుకోదు, బాంబే. చార్జింగ్ ఎప్పుడూ మీరు మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి. గచ్చు నేల మీద, బయటికి వెళ్లే గుమ్మానికి దూరంగా. కింద పడ్డ బ్యాటరీనీ, నీళ్లు చొరబడ్డ బ్యాటరీనీ ఇంట్లోకి తేవద్దు.

ఇంత చెప్పాక మోటారు ఎంపిక చిన్న పనైపోతుంది. 1500 వాట్లు అన్న ముద్రని నమ్ముకోవద్దు. మోటారు ఎంత తీసుకుంటుందో నిర్ణయించేది కంట్రోలర్, ఎంతసేపు తట్టుకుంటుందో నిర్ణయించేది అది వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందన్నది. మీరు చూడాల్సిన అంకె వేరే ఉంది: 48 వోల్టుల దగ్గర చక్రం గాలిలో తిరిగితే నిమిషానికి ఎన్ని చుట్లు. 26 అంగుళాల చక్రం చుట్టుకొలత 2.05 మీటర్లు. 38 వేగానికి నిమిషానికి 310 చుట్లు తిరగాలి. బరువు మీద పడ్డాక వేగం తగ్గుతుంది కాబట్టి గాలిలో 380 నుంచి 400 దాకా తిరిగేది తీసుకోండి. ఇంకా వేగంగా తిరిగేది కొంటే లాభం లేదు, అదే కరెంటుకి తక్కువ బలం ఇచ్చి ఫ్లైఓవర్ మీద ఊరికే కాగిపోతుంది. బ్యాటరీ తరిగేకొద్దీ వోల్టేజీ 54 నుంచి 42 దాకా దిగుతుంది, దానితోపాటే గరిష్ఠ వేగమూ దిగుతుంది. పొద్దున్న 40 కొట్టిన బండి సాయంత్రం 33 కొడితే పాడైందని కంగారు పడకండి. కెనడాలోని వాంకూవర్‌లో ఉన్న గ్రిన్ టెక్నాలజీస్ వాళ్ల మోటార్ సిమ్యులేటర్ ఉచితం. మోటారు, వోల్టేజీ, చక్రం సైజు, బరువు ఇస్తే ఏ వేగంలో ఎంత వేడెక్కుతుందో గీత గీసి చూపిస్తుంది. కొనేముందు ఒక సాయంత్రం దాని ముందు కూర్చోండి.

హబ్ మోటార్లలో లోపల పళ్ల చక్రాలున్నవి తేలిక, చిన్నవి, ఆపేస్తే స్వేచ్ఛగా తిరుగుతాయి. కానీ వేడి బయటికి పోయే దారి ఇరుకు. లోపలి నైలాన్ పళ్లు ఆ వేడికి మెత్తబడతాయి. పళ్లు లేని డైరెక్ట్ డ్రైవ్ 6, 7 కిలోలు తూగుతుంది. బ్యాటరీ అయిపోతే తొక్కడం నరకం. అయినా లోపల అరిగేది బేరింగులు తప్ప ఏమీ లేదు, చప్పుడూ చేయదు. చదును దారిలో ఒకే వేగంతో రోజూ వెళ్లే మీకు అదే నప్పుతుంది. పెడల్స్ దగ్గర పెట్టే మిడ్ డ్రైవ్ కొండదారులకి రాజు. మీకున్నది ఒక్క ఫ్లైఓవర్, దానికోసం నెలనెలా చైను అరగదీసుకోవడం దండగ.

ముందు చక్రం ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే, ఇరుసు అంతే బలంతో వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఫ్రేములోని డ్రాపౌట్, అంటే ఇరుసు కూర్చునే గాడి. ఇరుసు రెండు పక్కలా చదును చేసిన చోటు వెడల్పు 10 మి.మీ. మోటారు 40 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తే ఆ చిన్న అంచుల మీద పడే బలం 4000 న్యూటన్లు, అంటే నాలుగు క్వింటాళ్ల బరువంత. సస్పెన్షన్ ఫోర్కు కింది కాళ్లు పోత పోసిన మెగ్నీషియమో అల్యూమినియమో. స్టీలైతే వంగి ముందే సూచన ఇస్తుంది, ఇది మాత్రం పగిలిపోతుంది. ముందు చక్రం ఊడితే మనిషి తల మీదుగానే పడతాడు.

వెనక అల్యూమినియం డ్రాపౌట్ కూడా ఒంటరిగా తట్టుకోలేదు. దానికి టార్క్ ఆర్మ్ కావాలి. ఇరుసు చదును భాగానికి బిగుతుగా తొడుక్కుని రెండో కొస ఫ్రేముకి బిగిసే స్టీలు పలక అది. బ్రేకు వేసినప్పుడు బ్యాటరీకి కరెంటు తిరిగిచ్చే రీజెన్ వాడితే ఇరుసు రెండు దిక్కులా కొట్టుకుంటుంది కాబట్టి రెండు పక్కలా పెట్టండి. నా మొదటి బండికి నేను పెట్టలేదు. నట్లు గట్టిగా బిగించాను కదా అనుకున్నాను. మూడో వారంలో ఒక సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడి థ్రాటిల్ తిప్పితే టప్పున శబ్దం వచ్చింది, బండి కదల్లేదు. ఇరుసు గాడిలో గిర్రున తిరిగి, దాని గుండా బయటికొచ్చే వైర్లన్నిటినీ తాడు పేనినట్టు పేనేసింది. వైర్లు తెగి ఒకదానికొకటి తగిలి కంట్రోలర్ మాడింది. వేగంలో జరగలేదు కాబట్టి నడిపించుకుంటూ ఇంటికి చేరాను. ఫ్రేము గాడి చుట్టూ కొద్దిగా లోతున్న చోట వాషరు ఏటవాలుగా కూర్చోవడం వల్ల నట్టు బిగుసుకున్నట్టే కనిపించి అసలు బిగుసుకోలేదు. మీరు బిగించేటప్పుడు అక్కడ వేలు పెట్టి తడిమి చూడండి.

చక్రానికి రెండు గోడల రిమ్ము, 13 లేదా 14 గేజి స్పోకులు. ఇంకా లావువి బలమనుకుంటారు గానీ సైకిల్ రిమ్ము వాటి బిగువుకి తగినట్టు ఉండదు, అవి వదులుగానే ఉండిపోయి విరుగుతాయి. టైరు 50 మి.మీ. వెడల్పుది, లోపల పంక్చర్ పట్టీ ఉన్నది, వేగపు ఎలక్ట్రిక్ సైకిళ్లకని ఈసీఈ ఆర్75 ముద్ర ఉంటే మరీ మంచిది. హబ్ మోటారున్న వెనక చక్రానికి రోడ్డు మీద పంక్చర్ వేయడం ఎంత తలనొప్పో ఒకసారి అనుభవిస్తే గానీ తెలియదు. ఇరుసు నట్టుకి సరిపోయే పానా సంచిలో ఎప్పుడూ ఉండాలి. చాలా హబ్ మోటార్లకి మరతో బిగించే ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వస్తుంది, అందులో చిన్న చక్రానికి తరచూ 14 పళ్లుంటాయి. ముందు 44 పళ్లుంటే 35 దాటాక కాళ్లు ఊరికే గాలిలో తిరుగుతాయి. 11 పళ్ల ఫ్రీవీల్ అడగండి.

కంట్రోలర్ సైన్ వేవ్ రకం తీసుకోండి, చప్పుడు లేకుండా మెత్తగా కదులుతుంది. ఎంత బలంగా తొక్కుతున్నారో పసిగట్టే టార్క్ సెన్సర్ పెడల్‌కి ఉంటే సుఖం, లేకపోయినా బొటనవేలి థ్రాటిల్‌తో పని నడుస్తుంది. డిస్‌ప్లే ఏదైనా పరవాలేదు, ఎంత వాట్ అవర్ ఖర్చైందో చూపిస్తే చాలు. లైట్లకి విడిగా 12 వోల్టుల కన్వర్టర్ పెట్టుకోండి. బ్యాటరీ నుంచి బయటికొచ్చిన వెంటనే, ఒక జానెడు దూరంలోపే 40 యాంపియర్ల ఫ్యూజు వేయండి. కనెక్టర్ ఎక్స్‌టీ90-ఎస్ రకం. కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండేటప్పుడు వచ్చే నిప్పురవ్వని అది మింగేస్తుంది. మోటారు వైరు ఇరుసులోకి దూరేముందు ఒక వంపు కిందికి వేలాడనివ్వండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. బ్యాటరీని వెనక క్యారియర్ మీద కాకుండా ఫ్రేము మధ్యలో బిగించండి. నాలుగు కిలోలు వెనక ఎత్తులో ఊగుతుంటే 38లో హ్యాండిల్ వణుకుతుంది.

అంతా బిగించాక మొదటి వారం ఆఫీసుకి వెళ్లొద్దు. ఇంటి చుట్టుపక్కల 50 కి.మీ. తిరగండి. మోటారు మీద చెయ్యి ఆనించి చూడండి, ఆనించలేనంత వేడిగా ఉంటే కంట్రోలర్ హద్దు తగ్గించండి. స్పోకులు మొదటి 50 కి.మీ.లో తప్పక సడలుతాయి, మళ్లీ బిగించాలి. ఇరుసు నట్టు మీది నుంచి ఫ్రేము మీదికి ఎర్ర పెయింటుతో ఒక గీత గీయండి. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. నేను ఇప్పటికీ తాళం తీసేముందు ఆ గీత చూసే ఎక్కుతాను.